కొంగ నేర్పిన నిలకడ

ఈ వారం మందుల పేర్లు పక్కన పెట్టి మిమ్మల్ని చైనా దేశం తీసుకువెళ్ళదలిచాను. టిక్కెట్టు అక్కర్లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు. పడక్కుర్చీలో ఉన్నవారు ఉన్నట్లే రావచ్చు. కాకపోతే ప్రయాణం ముగిసేసరికి మిమ్మల్ని ఆ కుర్చీలోంచి లేపి, పది సెకన్లపాటు ఒంటికాలిమీద నిలబెట్టాలన్నది నా ఉద్దేశం. ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను తిట్టుకోవద్దు.

బ్రూస్ లీ, జాకీ చాన్ సినిమాలు చూసినవారికి చైనా కుస్తీలో జంతువుల పేర్లు కొత్త కాదు. పులి పంజా, పాము పడగ, కొంగ ముక్కు, కోతి గంతు! సినిమా చూసి వచ్చిన కుర్రవాడు నట్టింట్లో ఆ భంగిమలు పెడితే, తల్లి వంటింట్లోంచి కేకలేస్తుంది. కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటాడని ఆమె భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అయితే డాక్టరుగా నేను చెప్పేదేమిటంటే, ఆ ఇంట్లో కొంగ భంగిమ అందరికన్నా ఎక్కువ అవసరమైనది ఆ కుర్రవాడికి కాదు. వసారాలో నులకమంచం మీద కూర్చుని ఈ గొడవంతా చూస్తున్న అతని తాతగారికి!

ఎందుకంటారా? ఎముకల వార్డులో పనిచేసిన ఏ డాక్టర్ని అడిగినా ఒకటే కథ చెబుతాడు. తెల్లవారుజామున పెద్దాయన బాత్‌రూముకి లేస్తాడు. లైటు వేస్తే కోడలికి నిద్రాభంగమని చీకట్లోనే నడుస్తాడు. తడిగచ్చు మీద కాలు జారుతుంది. తుంటి ఎముక విరుగుతుంది. పడడానికి ఒక్క క్షణం, మంచం మీద నెలలు. వీపున పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, మూత్రంలో చీము, ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. నిన్నటిదాకా సంతకెళ్ళి కూరలు తెచ్చిన మనిషి మళ్ళీ వీధి గుమ్మం దాటకపోవచ్చు. ఇది ఏ ఇంట్లోనైనా జరగవచ్చు, మీ ఇంట్లో కూడా. దీనికీ చైనా జంతువులకూ ఉన్న సంబంధం చూద్దాం రండి.

తల్లి సమాధి, కొడుకు సమాధి

మన మొదటి మజిలీ హునాన్ రాష్ట్రానికి ముఖ్యపట్టణమైన చాంగ్షా. ఆ ఊళ్ళో మావాంగ్‌డుయ్ అనేచోట 1972లో ఒక పాత సమాధి తవ్వారు. అందులో రెండువేల సంవత్సరాలు దాటిన ఒక స్త్రీ శరీరం ఆశ్చర్యకరంగా చెడిపోకుండా దొరికింది. ఆమె పేరు షిన్ జుయ్. దై అనే ప్రాంతపు ప్రభువుగారి భార్య. పోయేనాటికి వయసు ఏభై ప్రాంతం. ఆధునిక వైద్యులు ఆ దేహానికి శవపరీక్ష చేశారు. గుండెకు రక్తం తీసుకువెళ్ళే ధమనులు పూడి ఉన్నాయి. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. కడుపులోనూ పేగుల్లోనూ కలిపి 138 కర్బూజా గింజలు దొరికాయి. ఆమె గుండెపోటుతో పోయి ఉంటుందని వారి అభిప్రాయం. శవపేటికపై కప్పిన పట్టుచిత్రంలో ఆమె చేతికర్ర ఆనుకుని నిలబడి ఉంటుంది. సుష్టుగా తినే ఇల్లు, ఒంటికి పని చెప్పని బతుకు, ఏభై ఏళ్ళకే చేతికర్ర! ఈ లక్షణాలున్న మనుషులు ఇప్పుడు మీకు పక్కింట్లోనే దొరుకుతారు.

1973 చివర దగ్గర్లోనే మరో సమాధి తవ్వారు. అది ఆమె కొడుకుదని పండితులంటారు. క్రీ.పూ. 168లో మూసిన సమాధి అది. అందులో రాతప్రతులతోపాటు ఒక పట్టుబట్ట దొరికింది. దానిమీద నాలుగు వరసల్లో, వరసకు పదకొండు చొప్పున 44 మనిషి బొమ్మలున్నాయి. ఆడవారు, మగవారు, పడుచువారు, ముసలివారు అంతా వ్యాయామం చేస్తున్నారు. కొందరు చేతులు చాపారు, కొందరు నడుము వంచారు, కొందరు ఒళ్ళు తిప్పుతున్నారు. కొన్ని బొమ్మల పక్కన జంతువుల, పక్షుల పేర్లు రాసి ఉన్నాయి. ఎలుగుబంటి ఉంది, కోతి ఉంది, కొంగ ఉంది. మరికొన్నిటి పక్కన జబ్బుల పేర్లున్నాయి. అందులో ఒకటి మోకాలి నొప్పి!

ఈ బొమ్మల్లో పోరాటం ఎక్కడా లేదు. ఎదుటివాణ్ణి కొట్టే మనిషి లేడు. మామూలు బట్టల్లో మామూలు మనుషులు మెడనొప్పికీ మోకాలినొప్పికీ కసరత్తు చేస్తున్నారు. జంతువుల కదలికను మనిషి అనుకరించడం మొదట్లో ఒంటి బాగుకోసమే అనడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి? తల్లికి కావలసిన మందుచీటీ కొడుకు పక్కన పెట్టి పూడ్చినట్లుంది.

వైద్యుడు రాసిన అయిదు జంతువులు

ఇప్పుడు ఉత్తరంగా అన్‌హ్వీ రాష్ట్రంలోని బోజౌ వెళదాం. మూలికల వ్యాపారానికి చైనాలో పేరుమోసిన ఊరు ఇది. మన ధన్వంతరిలాగా చైనావారు తలుచుకునే హ్వా తువో అనే వైద్యుడి స్వస్థలం ఇదే. ఆయన పేర ఇక్కడ గుడి కూడా ఉంది. క్రీ.శ. రెండో శతాబ్దంలో పుట్టినవాడు. మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేసేవాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. అదే ఊరివాడైన త్సావ్ త్సావ్ అనే మహాసేనానికి విపరీతమైన తలనొప్పి ఉండేది. హ్వా తువో సూదులతో తగ్గించేవాడు. చివరికి ఆ సేనాని కోపానికి గురై 208లో మరణశిక్ష పొందాడు. పెద్దవాళ్ళకు వైద్యం చేయడం ఏ కాలంలోనైనా కత్తిమీద సామే.

ఆయన తన శిష్యుడైన వూ పూకి ఒక వ్యాయామం నేర్పాడు. దాని పేరు 'వూ చిన్ షీ', అంటే అయిదు జంతువుల ఆట. పులి, లేడి, ఎలుగుబంటి, కోతి, పక్షి, ఇవీ ఆ అయిదు. 'ఆట' అన్న మాట గుర్తుపెట్టుకోండి. శిష్యుడికి ఆయన చెప్పిన సలహా మూడో శతాబ్దపు చరిత్రలో నమోదై ఉంది. దాని సారాంశం ఇది: ఒంటికి శ్రమ కావాలి, అయితే ఒళ్ళు హూనమయ్యేటంత కూడదు. తిరుగుతూ ఉండే తలుపు బందుకు చెద పట్టదు. ఒళ్ళు బాగా లేనప్పుడు ఈ ఆటల్లో ఒకటి ఆడి, చిరుచెమట పట్టగానే ఆపాలి. వూ పూ అలాగే చేసి తొంభై దాటి బతికాడనీ, చూపు, వినికిడి, పళ్ళు చెక్కుచెదరలేదనీ ఆ చరిత్రకారుడే రాశాడు.

తొంభై మాట ఒక శిష్యుడి కథ. దాన్ని శాస్త్రీయ నిరూపణగా నేను చెప్పను. చిరుచెమట పట్టగానే ఆపమన్న మాట మాత్రం ఈనాటికీ నూటికి నూరుపాళ్ళు సరైన వైద్యమే. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. హ్వా తువో నేర్పిన కదలికలు ఎలా ఉండేవో ఆ చరిత్రలో వివరంగా లేదు. ఇప్పుడు చైనాలో నేర్పే వరసలు తరువాతివారు కూర్చినవి. 2011లో బోజౌ సంప్రదాయాన్ని చైనా ప్రభుత్వం జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండ మీద మఠం

ఇక అందరూ ఎదురుచూస్తున్న షావోలిన్ మఠానికి పోదాం. హెనాన్ రాష్ట్రంలో సోంగ్‌షాన్ పర్వతశ్రేణిలో ఉంది. క్రీ.శ. 495లో ఒక భారతీయ భిక్షువు కోసం అప్పటి చక్రవర్తి దీన్ని కట్టించాడు. ఆ భిక్షువును చైనావారు 'బాతువో' అంటారు. తరువాత వచ్చిన బోధిధర్ముడు దక్షిణ భారతంవాడని ఒక పాత సంప్రదాయం. కాబట్టి మనవారు చాలామంది 'వాళ్ళకి కుస్తీ నేర్పింది మనమే' అని గర్వంగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది. కాని చరిత్ర పరిశోధకులు దీన్ని ఒప్పుకోరు. బోధిధర్ముడు రాశాడని చెప్పే వ్యాయామ గ్రంథం 1624 నాటిదని వారు తేల్చారు. ఆయనకూ దానికీ మధ్య వెయ్యేళ్ళకు పైగా దూరం ఉంది. మధ్యయుగాల చివర ఈ భిక్షువులు పేరు తెచ్చుకున్నది కూడా కర్రసాములో. ఉత్తచేతుల పోరాటం ఆ తరువాతి సంగతి.

మరి సినిమాల్లో చూసే జంతు శైలులు ఎక్కడివి? చాలావాటికి వేరువేరు ఊళ్ళు, వేరువేరు కథలు ఉన్నాయి. ముందుకాళ్ళు జోడించి దణ్ణం పెడుతున్నట్లు నిలబడే గొల్లభామ పురుగును చూసి వాంగ్ లాంగ్ అనే అతను ఒక శైలి కల్పించాడని తూర్పున షాన్‌దోంగ్‌లో చెబుతారు. దక్షిణాన గ్వాంగ్‌దోంగ్‌లో పులినీ కొంగనూ జతచేసిన శైలి ఉంది. దానికి పేరుపొందిన ఫోషాన్ గురువు వాంగ్ ఫెయ్ హుంగ్ మందుల దుకాణం నడిపిన వైద్యుడు కూడా. దెబ్బలు కొట్టడం నేర్పే గురువే దెబ్బలకు కట్లు కట్టడం ఆ దేశంలో మామూలు. మన పుత్తూరు కట్టు వంటి విద్య అక్కడ కుస్తీ గోదాలోనే పెరిగిందన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఫూజియన్ రాష్ట్రంలోని యోంగ్‌చున్ ప్రాంతపు కథ. ఫాంగ్ చీనియాంగ్ అనే అమ్మాయి ఇంటి దగ్గర ఒక తెల్లకొంగ వాలింది. ఆమె కర్రతో అదిలించింది. కొంగ పోలేదు. కర్ర వచ్చినప్పుడల్లా ఒంటికాలి మీదే ఒళ్ళు తిప్పి తప్పుకుంది, రెక్కతో తోసింది, ముక్కుతో పొడిచింది. బలానికి బలం ఎదురు పెట్టకుండా నిలబడడం ఎలాగో ఆ పక్షి దగ్గర ఆమె నేర్చుకుందట. ఇది ఐతిహ్యమే. కాని ఆ తెల్లకొంగ శైలి నిజం. అది సముద్రం దాటి ఒకినావా దీవికి చేరి, అక్కడ కరాటే మీద ముద్ర వేసింది. మీ అబ్బాయి తెల్లదుస్తులు వేసుకుని సాయంత్రాలు కరాటే క్లాసుకి వెళుతున్నాడంటే, ఆ కొంగ నీడ మీ వీధిదాకా వచ్చిందన్నమాటే!

ముక్కాలిపీట

కొంగ ఒంటికాలిమీద గంటలకొద్దీ నిలబడుతుంది. మనం బనీను తొడుక్కున్నంతసేపు కూడా నిలబడలేము. తేడా ఏమిటి?

మనిషి నిలకడ ముక్కాలిపీట వంటిది. దానికి మూడు కాళ్ళు. మొదటిది చూపు. రెండోది చెవిలోపలి భాగం. అందులో ద్రవంతో నిండిన సన్నని గొట్టాలుంటాయి, తల ఎటు వాలిందో మెదడుకు చెబుతాయి. మూడోది పాదాలు, చీలమండలు, మోకాళ్ళనుంచి వచ్చే స్పర్శజ్ఞానం. ఈ మూడు కబుర్లూ కలిపి మెదడు క్షణక్షణం కండరాలకు ఆజ్ఞలు పంపుతూ ఉంటుంది.

ఇప్పుడు తెల్లవారుజామున లేచిన మన పెద్దాయనను గుర్తు చేసుకోండి. చీకట్లో చూపు అనే కాలు లేదు. ఏళ్ళతరబడి చక్కెరవ్యాధి ఉంటే పాదాలు మొద్దుబారతాయి, ఆ కాలూ పోయింది. మిగిలింది ఒక్క చెవి. ముక్కాలిపీట ఒంటికాలిపీట అయిపోయింది. పైగా కూర్చుని కూర్చుని తొడ కండరాలు సన్నబడ్డాయి. తూలితే ఆపుకునే శక్తి లేదు. పడక ఏం చేస్తాడు?

ఇందులో శుభవార్త ఏమిటంటే, ఈ నిలకడ సాధనతో మెరుగవుతుంది. ముసలితనంలో కూడా మెరుగవుతుంది. అందుకు సాక్ష్యం కోసం హెనాన్‌లోనే ఎల్లో నది దాటి చెన్ జియాగౌ గ్రామానికి పోదాం. నెమ్మదిగా సాగే తాయ్ చీ అనే విద్య ఈ గ్రామంలో చెన్ వంశంవారి దగ్గర పెరిగింది. అదీ యుద్ధవిద్యే. అందులోనూ జంతువులే. తెల్లకొంగ రెక్కలు విప్పుతుంది, పాము కిందికి పాకుతుంది, బంగారు కోడిపుంజు ఒంటికాలిమీద నిలుస్తుంది. 1956లో చైనా ప్రభుత్వం దీన్ని సామాన్యులకోసం 24 కదలికలకు కుదించింది. ఉదయంపూట చైనా పార్కుల్లో తాతలూ బామ్మలూ చేసేది ఎక్కువగా ఇదే. 2020లో యునెస్కో కూడా దీన్ని తన వారసత్వ జాబితాలో చేర్చుకుంది.

డాక్టర్లు దీన్ని పరీక్షకు పెట్టారు. 2018లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూడండి. డెబ్బై ఏళ్ళు దాటినవారు, అంతకుముందు ఏడాదిలో పడినవారు లేదా నడకలో తడబాటు ఉన్నవారు 670 మందిని తీసుకున్నారు. కొందరికి తాయ్ చీనుంచి తయారుచేసిన కసరత్తు వారానికి రెండుసార్లు, గంటసేపు, ఆరు నెలలు నేర్పారు. కొందరికి ఒళ్ళు సాగదీసే కసరత్తు మాత్రమే ఇచ్చారు. రెండోవారితో పోలిస్తే మొదటివారిలో పడిపోవడాలు 58 శాతం తక్కువ. ఏ మాత్రతోనూ నేను ఇటువంటి ఫలితం చూపించలేను.

ఇంకొకటి 2022లో బ్రెజిల్‌నుంచి వచ్చింది. 51 మొదలు 75 ఏళ్ళవారు 1,702 మందిని పది సెకన్లు ఒంటికాలిమీద నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తరువాతి ఏడేళ్ళలో అలా నిలబడలేనివారిలో మరణాలు ఎక్కువ కనిపించాయి. దీన్ని సరిగ్గా అర్థం చేసుకోండి. ఒంటికాలిమీద నిలబడలేకపోవడం వల్ల ఎవరూ చావరు. కాని అది లోపలి బలహీనతకు గుర్తు. అటువంటి గుర్తు కనిపిస్తే డాక్టరును కలవాలి.

ఇంట్లో అయిదు ఆటలు

ఇక యాత్ర ముగించి ఇంటికి వచ్చేద్దాం. మీరు చైనా గురువును వెతకనక్కరలేదు. ఈ అయిదూ రోజుకు పది నిమిషాలు చాలు. గట్టి గోడ పక్కన, చెప్పుల్లేకుండా, పొడినేల మీద చేయాలి.

ఎలుగు: కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి, ఒంటి బరువును కుడికాలి మీదికి, తరువాత ఎడమకాలి మీదికి నెమ్మదిగా మార్చండి. బాగా పెద్దవారు దీనితోనే మొదలుపెట్టాలి. ఒక వారం ఇదొక్కటే చేసినా మంచిదే.

పులి: చేతులు పైకెత్తి, వేళ్ళు పంజాలాగా ముడిచి, నెమ్మదిగా దించండి. దసరాకు పులివేషం వేసేవాడి భుజాలు చూశారుగా, అలా కదలాలి. ఎగరడాలు మాత్రం వద్దు.

లేడి: నిలబడి నడుము పక్కకు తిప్పి వెనక మడమ చూడడానికి ప్రయత్నించండి. ఎంతవరకు వస్తే అంతవరకే.

కోతి: గోడ పట్టుకుని మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడి, భుజాలు పైకి లాగి, తల పక్కకు తిప్పి చూడండి. తల తిప్పితే కళ్ళు తిరిగేవారు తిప్పవద్దు.

కొంగ: ఒక చెయ్యి గోడమీద ఆనించి, రెండో చెయ్యి రెక్కలాగా ఎత్తి, ఒక పాదం నేలనుంచి జానెడు లేపండి. మొదట మూడు సెకన్లు చాలు. అలవాటయ్యాక పది. తరువాత రెండోకాలు. పెద్దవారు చేసేటప్పుడు ఇంట్లోవారు ఒకరు పక్కన నిలబడాలి.

మన యోగాసనాల్లోనూ పాము, నెమలి, మిడత ఉన్నాయి. అలవాటున్నవారు వాటినే కొనసాగించండి. నిలబడి చేసేవి మాత్రం కొన్ని తప్పకుండా కలుపుకోండి.

కొన్ని జాగ్రత్తలు. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్ళుతిరగడం ఉన్నవారు డాక్టరును అడిగిన తరువాతే మొదలుపెట్టాలి. ఊపిరి బిగబట్టకూడదు. మోకాళ్ళు అరిగినవారు లోతుగా కూర్చునే భంగిమలు చేయవద్దు. ఈ ఆటలతో చక్కెరవ్యాధి, రక్తపోటు నయమైపోతాయని ఎవరైనా చెబితే నమ్మి మాత్రలు మానవద్దు. కొన్ని రక్తపోటు మాత్రలు, నిద్రమాత్రలు వాడేవారికి లేచి నిలబడగానే తూలు వస్తుంది. వారు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవాలి.

కుర్రవాళ్ళకు ఒక మాట. సినిమా చూసి ఇటుకలు పగలగొట్టడం, వేళ్ళతో గోడ పొడవడం పనికిరాదు. వేళ్ళ కీళ్ళు ఒకసారి పాడైతే కలం పట్టుకోవడమూ కష్టమే. నేర్చుకోదలిస్తే గురువు దగ్గర నేర్చుకోండి. మోకాలు వాస్తే ఆపండి.

ఇంటి యజమానులకు చివరి మాట. బాత్‌రూము దారిలో రాత్రంతా వెలిగే చిన్న బల్బు పెట్టించండి. గోడకు పట్టుకోవడానికి ఒక కమ్మీ బిగించండి. వీటికి అయ్యే ఖర్చు తుంటి ఆపరేషన్ ఖర్చుముందు లెక్కలోకి రాదు. లైటు వేసుకోవడానికి మొహమాటపడవద్దని కోడలే స్వయంగా మామగారికి చెబితే ఇంకా మంచిది.

ఇక పత్రిక మడిచి పక్కన పెట్టండి. గోడ దగ్గరికి నడవండి. ఒక పాదం ఎత్తండి. నెమ్మదిగా పది లెక్కపెట్టండి. మీది అయ్యాక, వసారాలో ఉన్న పెద్దాయనను చెయ్యిపట్టి లేపండి.